కంట్రోల్ జెడ్ లేని ఫోటో: పోలరాయిడ్‌ని చేత్తో కరిగించిన కథ

(వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం, మరీ తడబడిన చోట్ల మాత్రం సరిచేశాం.)



ముందు ఈ కాగితం చూడండి. [మందపాటి డ్రాయింగ్ షీట్‌ని కెమెరా దగ్గరికి తెస్తూ] కనిపిస్తోందా? మా నాన్నమ్మ. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుంటే తీశాను. అంచులు చూడండి, మామూలు ఫోటో అంచుల్లా లేవు. తడి గుడ్డ ఆరేస్తే ముడతలు పడతాయే, అలా ఉన్నాయి. గడ్డం దగ్గర చిన్న చిరుగు ఉంది చూశారా? అది నా చేతి పనే. ఈ ఫోటోకి నెగెటివ్ లేదు, ఇలాంటిది ఇంకోటి లేదు. ఎలా చిరిగిందో తర్వాత చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు ఈ ఫిల్మ్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

అసలు ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక కామెంట్. పాత కెమెరాల వీడియో కింద ఒక తమ్ముడు అడిగాడు. పీటర్ గాబ్రియెల్ అని ఇంగ్లండ్ సింగర్ ఉన్నాడు. 1980లో ఆయన ఆల్బమ్ ఒకటి వచ్చింది. ఆల్బమ్ పేరు కూడా ఆయన పేరే, కానీ కవర్ చూసిన జనం దానికి 'మెల్ట్' అని వాళ్ళే పేరు పెట్టేసుకున్నారు. ఎందుకంటే కవర్ మీద ఆయన మొహం ఒక పక్క మామూలుగానే ఉంటుంది, ఇంకో పక్క కొవ్వొత్తి కరిగినట్టు కిందికి జారిపోతూ ఉంటుంది. తమ్ముడి ప్రశ్న ఏంటంటే, 'బ్రో, ఫోటోషాప్ వచ్చింది 1990లో కదా. మరి 1980లో ఇది ఎలా చేశారు?'

మంచి ప్రశ్న. సమాధానం చాలా చిన్నది: చేత్తో చేశారు.

నిజంగానే. పోలరాయిడ్ ఫోటో కెమెరాలోంచి బయటికొచ్చాక, బొమ్మ ఇంకా తేలుతూ ఉండగానే, దాని మీద నొక్కి రుద్దారు. లోపల రంగు జరిగింది, మొహం కరిగింది. కవర్ చేసింది హిప్నోసిస్ అనే డిజైన్ టీమ్, అందులో స్టార్మ్ థోర్గర్సన్. పీటర్ గాబ్రియెల్ కూడా వాళ్ళతో పాటు కూర్చుని తన మొహాన్ని తనే చెడగొట్టుకున్నాడు. కంప్యూటర్ లేదు, డార్క్‌రూమ్ కూడా లేదు.

ఇది వినగానే నాలోని ఇంజనీర్‌కి ఒక్కటే డౌట్ వచ్చింది. ఫోటో మీద ప్లాస్టిక్ పొర ఉంటుంది కదా. పైన రుద్దితే లోపల రంగు ఎలా కదులుతుంది?

పూతరేకు లాంటి ఫోటో

పోలరాయిడ్ కనిపెట్టింది ఎడ్విన్ ల్యాండ్. 1943లో న్యూ మెక్సికోలోని శాంటా ఫేకి ఫ్యామిలీతో సెలవులకి వెళ్ళాడు. మూడేళ్ళ కూతురికి ఫోటో తీస్తే, ఆ ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదు అని ఆ పాప అడిగిందట. మనమైతే 'ల్యాబ్‌లో కడగాలమ్మా' అని వదిలేస్తాం. ఆయన వదల్లేదు. 1947లో డెమో ఇచ్చాడు, 1948లో బోస్టన్‌లో ఒక స్టోర్‌లో కెమెరా అమ్మకానికి పెట్టాడు. ఆ మొదటి రకం ఫిల్మ్‌లో ఫోటో వచ్చాక రెండు కాగితాలని ఊడదీయాలి. ఒకటి ఫోటో, ఇంకోటి చెత్తబుట్టకి. మనకి కావాల్సింది 1972లో వచ్చిన ఎస్ఎక్స్-70. మడత పెడితే కోటు జేబులో పట్టే కెమెరా, అప్పట్లో ధర 180 డాలర్లు. బటన్ నొక్కితే చతురస్రం ఫోటో జర్రుమని బయటికొస్తుంది. ఊడదీసేది ఏమీ లేదు. కెమిస్ట్రీ మొత్తం ఆ ఫోటో లోపలే జరిగిపోతుంది.

దాన్ని ఆత్రేయపురం పూతరేకు అనుకోండి. పైకి ఒక్కటే కనిపిస్తుంది, విప్పితే పొరలు పొరలు. అన్నిటికన్నా పైన పారదర్శకమైన ప్లాస్టిక్. దాని లోపలి వైపు, చివరికి బొమ్మ నిలిచే పొర. బాగా కింద వెలుతురు పట్టే మూడు పొరలు: ఒకటి నీలం వెలుతురుకి, ఒకటి ఆకుపచ్చకి, ఒకటి ఎరుపుకి. ఈ మూడింటికీ అడుగున ఒక్కో రంగు కాచుకుని కూర్చుని ఉంటుంది. నీలానికి పసుపు, ఆకుపచ్చకి మెజెంటా, ఎరుపుకి సయాన్. అన్నిటికీ అడుగున నల్లటి షీటు.

ఫోటో కింద తెల్లటి అంచు వెడల్పుగా ఉంటుంది కదా? రాసుకోవడానికి ఇచ్చారని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. దాని వెనక చిన్న సంచి ఉంటుంది, సంచిలో చిక్కటి ముద్ద. ఫోటో రెండు రోలర్ల మధ్య నుంచి బయటికొచ్చేటప్పుడు సంచి పగిలి, ముద్ద పొరల మధ్యలో సమంగా పరుచుకుంటుంది. చెరకు మిషన్‌లో గడ వెళ్ళినట్టు అన్నమాట.

ఇప్పుడు అసలు ఆట మొదలు. ముద్ద తగలగానే మూడు రంగులూ కరిగి పైకి బయల్దేరతాయి. కానీ దారిలో చెక్‌పోస్టులు ఉన్నాయి. నీలం వెలుతురు పడిన చోట పసుపు రంగుని ఆపేస్తారు, మెజెంటా, సయాన్ మాత్రమే పైకి వెళ్తాయి. ఆ రెండూ కలిస్తే మన కంటికి నీలం. వెలుతురు బాగా పడిన చోట మూడూ ఆగిపోతాయి, అక్కడ తెలుపు. వెలుతురే పడని చోట మూడూ పైకి చేరతాయి, నలుపు. ఆ తెలుపు ఎక్కడిదంటే, ముద్దలోనే టైటానియం డయాక్సైడ్ కలిపి ఉంటుంది. గోడలకి వేసే తెల్ల పెయింట్‌లో ఉండేదే. బొమ్మకి వెనక తెల్ల గోడ అది.

ఇంకో చిక్కు ఉంది. ఫోటో పట్టపగలు బయటికొస్తుంది, డెవలప్ అవుతుండగా ఎండ తగిలితే పాడైపోవాలి కదా? ఇక్కడ ల్యాండ్ చేసిన పనికి నేను ఫ్యాన్. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ గుర్తుందా? ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే క్షారంలో గులాబీ, ఆమ్లం పడితే రంగు మాయం. ఆ జాతికి చెందిన రంగులనే ముద్దలో కలిపాడు. ముద్ద క్షారంగా ఉన్నంతసేపు అవి ముదురుగా ఉండి కర్టెన్‌లా వెలుతురుని ఆపుతాయి. పని అయ్యే సమయానికి పైపొరలో ఉన్న ఆమ్లం క్షారాన్ని చల్లారుస్తుంది, కర్టెన్ తనంతట తనే తెల్లబడిపోతుంది. బొమ్మ మెల్లగా తేలి కనిపిస్తుంది. మనం ల్యాబ్‌లో వైవా మార్కుల కోసం బట్టీ పట్టిన పాయింటే, ఆయన దాంతో కర్టెన్ కట్టాడు.

సరే, ఇక మన ప్రశ్న. ఎస్ఎక్స్-70 ఫిల్మ్‌లో ఆ ముద్ద, దాన్ని అంటిపెట్టుకున్న జెలటిన్ వెంటనే గట్టిపడేవి కావు. గంటల తరబడి మెత్తగా ఉండేవి. పైన ప్లాస్టిక్ ఉన్నా సరే, దాని మీద నొక్కితే కింద రంగు జరిగేది. పాల ప్యాకెట్ మీద వేలు నొక్కితే లోపల పాలు పక్కకి జరిగినట్టే, కాకపోతే ఇక్కడ జరిగింది జరిగిన చోటే ఉండిపోతుంది.

ఇది కంపెనీ ఇచ్చిన ఫీచర్ కాదు. యూజర్లకి దొరికిన బగ్.

బగ్‌ని పట్టుకున్నవాళ్ళు

ముందుగా లోతుకి వెళ్ళినవాడు లూకస్ సమరాస్. 1936లో గ్రీస్‌లోని కస్తోరియాలో పుట్టాడు, చిన్నప్పుడే అమెరికా వెళ్ళాడు, 2024లో చనిపోయాడు. 1973 నుంచి 1976 దాకా ఆయన చేసిన సిరీస్ పేరు 'ఫోటో-ట్రాన్స్‌ఫర్మేషన్స్'. న్యూయార్క్‌లో తన అపార్ట్‌మెంట్, తన వంటగది, ఎదురుగా తనే. మోడల్ లేడు, స్టూడియో లేదు. రంగు లైట్లు పెట్టుకుని ఫోటో తీసుకోవడం, అది తడిగా ఉండగానే దాని మీద కలబడటం. కొన్నిట్లో ఒంటి నుంచి పొగలు వస్తున్నట్టు ఉంటుంది, కొన్నిట్లో మొహం గోడలో కలిసిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కాస్త భయమేసింది, దాచుకోవడం ఎందుకు. మనం సెల్ఫీకి బ్యూటీ మోడ్ పెట్టుకుంటాం, ఈయన సరిగ్గా దానికి ఉల్టా చేశాడు, అది కూడా మూడంగుళాల చతురస్రంలో.

తర్వాత లెస్ క్రిమ్స్ అనే ఆయన 1975లో ఒక పుస్తకం వేశాడు. దాని పేరు 'ఫిక్ట్‌క్రిప్టోక్రిమ్సోగ్రాఫ్స్'. [నవ్వు] మూడు టేకులు పట్టింది నాకు ఇది పలకడానికి. థోర్గర్సన్‌కి పీటర్ గాబ్రియెల్ కవర్ ఐడియా వచ్చింది ఈ క్రిమ్స్ పనిని చూసే.

1980 ప్రాంతంలో పోలరాయిడ్ కొత్త ఫిల్మ్ తెచ్చింది, టైమ్-జీరో. బొమ్మ ఇంకా త్వరగా తేలేది, రంగులు ఇంకా బాగుండేవి. మెత్తదనం మాత్రం అలాగే ఉంది. దాంతో ఇది ఒకరిద్దరు ఆర్టిస్టుల పిచ్చిగా కాకుండా ఒక పద్ధతిగా మారింది. పనిముట్లు ఏంటంటే కొననక్కర్లేనివే: చెక్క పుల్ల, అల్లిక సూది, చెంచా వెనక వైపు, పళ్ళ డాక్టర్ దగ్గరుండే సన్నటి కొక్కెం. మొనదేలిన దానితో గట్టిగా గీస్తే ప్లాస్టిక్ చిరుగుతుంది, మొద్దుగా ఉన్నదానితో రుద్దితే రంగు నూనె పెయింట్‌లా సాగుతుంది. రంగు పూర్తిగా పక్కకి తప్పుకున్న చోట తెల్ల గీత పడుతుంది. చల్లబడితే బిగుసుకుంటుంది కాబట్టి కొందరు ఫోటోని హీటింగ్ ప్యాడ్ మీద పెట్టుకుని పనిచేసేవాళ్ళు. చెట్లు, నీళ్ళు, పాత గోడలు, పూలు ఎక్కువగా తీసేవాళ్ళు, ఎందుకంటే అవి కాస్త వంకర పోయినా అందంగానే ఉంటాయి. మొహం అలా కాదు. కంటి దగ్గర ఒక్క మిల్లీమీటర్ జరిగితే మనిషే మారిపోతాడు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. ఇలా చేసిన ఫోటోల్లో చాలావాటిని చూస్తే నాకు బోర్ కొడుతుంది. ఒక ఇల్లు, ఒక పూలచెట్టు, మొత్తం అలలు అలలుగా రుద్దేసి, చూడ్డానికి పాత యూరప్ పెయింటింగ్ లాగా. ఇక్కడ ఎందుకు రుద్దావు, అక్కడ ఎందుకు వదిలేశావు అంటే జవాబు లేదు, అంతటా రుద్దేశారు. ఫిల్టర్ అనేది ఫోన్‌లోనే ఉండాలని లేదు, చేత్తో కూడా ఫిల్టర్ వేయొచ్చు. సమరాస్ పనిలో అలా ఉండదు. చెయ్యి ఒక్కదాన్నే కరిగించి మొహాన్ని వదిలేస్తాడు, లేదంటే మొహం వదలకుండా గది మొత్తాన్ని వదిలేస్తాడు. అక్కడ ఒక నిర్ణయం ఉంది.

అందుకే 'బ్రో, ఈ ఎఫెక్ట్‌కి యాప్ ఉంది కదా' అన్నవాళ్ళకి నేను అవును ఉంది అనే చెప్తాను. ఎఫెక్ట్ కావాలంటే యాప్ చాలు, డబ్బులు వేస్ట్ చేసుకోకండి. యాప్‌లో మీరు ఇరవై సార్లు ట్రై చేసి నచ్చింది ఉంచుకుంటారు. టైమ్-జీరోలో పుల్ల పెట్టేముందే ఆలోచించాలి, పెట్టాక అంతే. ఇది మరీ మనకి తెలియని సంగతి కూడా కాదు. మన ఊళ్ళలో పాత స్టూడియోల వాళ్ళు నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచప్ చేసేవాళ్ళు, బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ మీద బుగ్గలకి గులాబీ, చీర అంచుకి బంగారు రంగు చేత్తో వేసేవాళ్ళు. మీ ఇంట్లో తాతగారి పెళ్ళి ఫోటో ఉంటే ఒకసారి దగ్గరగా చూడండి, బొట్టు ప్రింట్‌లో వచ్చిందా, బ్రష్‌తో పెట్టిందా అని. కాకపోతే వాళ్ళకి నెగెటివ్ ఉండేది. ప్రింట్ చెడితే ఇంకోటి తీసేవాళ్ళు.

ప్లాట్‌ఫాం మూసేస్తే

ఇప్పుడు కథలో నాకు బాధ కలిగించే భాగం. నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఒక టూల్ మీద ఏడాదిన్నర పనిచేశాను. ఒక సోమవారం మెయిల్ వచ్చింది, దాన్ని ఆపేస్తున్నాం అని. తప్పు ఎవరిదీ కాదు, లెక్కలు కుదరలేదు. కానీ దాని చుట్టూ నేర్చుకున్నదంతా ఆ రోజుతో పనికి రాకుండా పోయింది. వీళ్ళకీ అదే జరిగింది, పాతికేళ్ళ చేతి అనుభవం మీద.

డిజిటల్ కెమెరాలు వచ్చాయి, పోలరాయిడ్ అమ్మకాలు పడిపోయాయి. 2006 నాటికి టైమ్-జీరో ఫిల్మ్ ఆగిపోయింది. అదే కంపెనీ 600 అనే ఫిల్మ్ ఇంకా అమ్ముతోంది, కానీ దాని కెమిస్ట్రీ వేరు, రుద్దితే రంగు అలా కదలదు. మామూలు యూజర్‌కి 600 మంచి ఫిల్మే, ఫిర్యాదే లేదు. బగ్ మీద బతికేవాళ్ళకి మాత్రం దారి మూసుకుపోయింది. 2008లో కంపెనీ అన్ని ఇన్‌స్టంట్ ఫిల్ములూ ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

స్టాక్ కొని ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు కదా అంటారా? పెట్టుకున్నారు చాలామంది. కానీ ఇది మామూలు ఫిల్మ్ కాదు, లోపల ముద్ద ఉంది. కొన్నేళ్ళకి ముద్ద ఎండిపోతుంది, ఎండితే సరిగా పరుచుకోదు, ఫోటోలో సగం ఖాళీ. పైగా పాత ప్యాక్‌లోనే కెమెరాని నడిపే చదునైన బ్యాటరీ ఉండేది, అదీ చచ్చిపోతుంది. ఆవకాయ లాగా ఏళ్ళ తరబడి జాడీలో దాచుకునే వస్తువు కాదిది.

అదే ఏడాది ఒక పిచ్చి పని జరిగింది. నెదర్లాండ్స్‌లో ఎన్‌షెడే అనే ఊళ్ళో పోలరాయిడ్ చివరి ఫిల్మ్ ఫ్యాక్టరీ మూతపడుతోంది. దాని మూసివేత కార్యక్రమంలోనే ఫ్లోరియన్ కాప్స్, ఆండ్రే బోస్‌మన్ అనే ఇద్దరు కలిశారు. ఒకాయన వియన్నా నుంచి వచ్చిన పోలరాయిడ్ అభిమాని, ఇంకొకాయన ఆ ఫ్యాక్టరీ మనిషే. మిషన్లని తుక్కు కింద పోనివ్వకుండా 31 లక్షల డాలర్లకి కొన్నారు. పెట్టిన పేరే 'ఇంపాజిబుల్ ప్రాజెక్ట్'. మిషన్లు దొరికాయి గానీ, ఫిల్మ్‌కి కావాల్సిన కెమికల్స్‌లో చాలావాటిని ప్రపంచంలో ఎవరూ తయారుచేయట్లేదు. సర్వర్ దొరికింది, లైబ్రరీలు లేవు. అందుకని ఫార్ములా మళ్ళీ మొదటి నుంచి రాసుకున్నారు. 2010లో మొదటి ఫిల్మ్ వచ్చింది, అది కూడా బ్లాక్ అండ్ వైట్. ఇందాక చెప్పిన కర్టెన్ ఉంది చూడండి, అది వాళ్ళకి చాలాకాలం సరిగా కుదరలేదు. ఫోటో బయటికి రాగానే చేత్తో కప్పేసి చీకట్లో పెట్టాల్సి వచ్చేది. ఇప్పటికీ కొత్త ఫిల్మ్‌ని వెంటనే వెలుతురుకి పెట్టొద్దనే చెప్తారు. 2017లో ఆ కంపెనీ 'పోలరాయిడ్ ఒరిజినల్స్' అయింది, 2020లో ఉత్త 'పోలరాయిడ్' అయిపోయింది. అంటే ఈరోజు మీరు కొనే పోలరాయిడ్ ఫిల్మ్ వాళ్ళదే.

ఫిల్మ్ తిరిగి వచ్చింది, టైమ్-జీరో మెత్తదనం మాత్రం అలాగే తిరిగి రాలేదు. పుల్ల పెట్టి మొహాలు కరిగించే ఆట దాదాపు ముగిసినట్టే.

అయితే ఇంకో తలుపు ఉంది. ఎమల్షన్ లిఫ్ట్.

మీగడ తీసినట్టు

ఇందాక పూతరేకు అన్నాను కదా. పైపొర మీద ఉన్న బొమ్మని ప్లాస్టిక్ నుంచి విడదీసి, వేరే కాగితం మీదకి ఎక్కించడమే ఈ పద్ధతి. పాత ఊడదీసే రకం ఫిల్మ్‌తో కూడా చేసేవాళ్ళు, ఆ రకంలో చివరి దాకా నిలిచిన ఫ్యూజీ ఫిల్మ్‌ని కూడా 2016లో ఆపేస్తున్నామన్నారు. ఇప్పటి పోలరాయిడ్‌తో మాత్రం బాగా కుదురుతుంది. పెళ్ళిళ్ళలో ఫోటో బూత్‌ల దగ్గర కనిపించే ఇన్‌స్టాక్స్ నిర్మాణం వేరు, దాంతో మొదలుపెట్టకండి.

మా బావ డల్లాస్ నుంచి వచ్చినప్పుడు కెమెరా, ఒక ప్యాక్ తెచ్చాడు. ఎయిర్‌పోర్ట్‌లో స్కానర్‌లో పెట్టకుండా ఫిల్మ్‌ని చేత్తో చెక్ చేయమని బతిమాలుకున్నాడట పాపం. ప్యాక్‌కి ఎనిమిది ఫోటోలు. మన దగ్గర కొంటే ఒక్కో ఫోటో ఒక బిర్యానీ ఖర్చు, అందుకే ఒక్కోటి ఎలా పోయిందో నాకు బాగా గుర్తుంది.

ముందు జాగ్రత్త: గ్లవ్స్ వేసుకోండి. లోపలి ముద్ద క్షారం, ఒంటికి మంచిది కాదు, కళ్ళకి అసలు మంచిది కాదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. వంటకి వాడే పళ్ళెం వాడకండి. నేను వాడాను, అమ్మ ఆ పళ్ళేన్ని ఇక ఇంట్లోకి రానివ్వలేదు.

ఫోటో పూర్తిగా తేలాక తెల్ల అంచుల్ని కత్తెరతో కత్తిరించాలి. ఒక మూల నుంచి నల్లటి వెనక షీటుని మెల్లగా ఊడదీయాలి. బొమ్మ ముందు ప్లాస్టిక్‌తో ఉండిపోతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో వేసి, మెత్తటి బ్రష్‌తో అంచుల్ని కదుపుతూ ఉంటే కాసేపటికి బొమ్మ ప్లాస్టిక్‌ని వదిలేస్తుంది. అప్పుడు చూడాలి, వేడి పాల మీద మీగడ తేలినట్టు మీ ఫోటో నీళ్ళలో తేలుతూ ఉంటుంది. వెనక అంటుకున్న తెల్ల ముద్ద పోయేదాకా ఇంకో పళ్ళెంలో మంచి నీళ్ళతో కడగాలి. తర్వాత వాటర్‌కలర్ కాగితాన్ని నీళ్ళలో కిందికి తోసి, మీగడని దాని మీదకి లాగి, నీళ్ళలో ఉండగానే సర్దుకుని, కాగితంతో సహా పైకి లేపాలి. ఆరితే అతుక్కుపోతుంది.

చెప్పడానికి ఇంతే. నా మొదటిది తులసికోట, నీళ్ళు చల్లారిపోయాయి, ఎంతకీ వదల్లేదు. రెండోది పెరట్లో మామిడిచెట్టు, వదిలింది, కానీ నీళ్ళలో చుట్టుకుపోయి ఉండ అయిపోయింది. మూడోది మా ఫ్రెండ్, అన్నీ బాగా వచ్చాయి, ఆరాక చూస్తే బొమ్మ తిరగబడి ఉంది, టీషర్ట్ మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు. నాలుగోది ఊరి చెరువు, అది కుదిరింది. [చూపిస్తూ] ఇదిగో. ఈ ముడతలు కావాలని వేసినవి, నీళ్ళ మీద గాలి అలల్లా ఉంటాయని. ఐదోది బయటికి రాగానే ఎండలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను, వెలిసిపోయింది. ఆరోది పక్కింటి బాబుది, ఫోటో వాడి చేతికే ఇచ్చేశాను, వాడు వెనక్కి ఇవ్వలేదు.

ఏడోది నాన్నమ్మ.

నాలుగోది కుదిరింది కదా అని ధైర్యం వచ్చింది. ఇంజనీర్ బుద్ధి కదా, ముందు ఫోన్‌తో ఒక బ్యాకప్ కూడా తీసుకున్నాను. లిఫ్ట్ చాలా బాగా వచ్చింది. కాగితం మీదకి ఎక్కింది, పైకి లేపేశాను. అప్పుడు గడ్డం దగ్గర ఒక చిన్న మడత కనిపించింది. వదిలేసి ఉంటే ఆరాక ముడతలా ఉండిపోయేది, అంతే. నేను వదల్లేదు. నీళ్ళలోంచి బయటికి తీశాక ముట్టుకోకూడదని నాకు తెలుసు, రెండోసారికే నేర్చుకున్నాను. అయినా బ్రష్ పెట్టి లాగాను. చిరిగింది.

కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత బ్యాకప్ తెరిచి చూస్తే ట్యూబ్‌లైట్ వెలుతురు సరిగ్గా నాన్నమ్మ మొహం మీద అడ్డంగా మెరుస్తోంది. అప్పుడు చూసుకోలేదు.

స్కాన్ చేసి పెద్ద ప్రింట్లు వేసుకోవడం ఈ ఆర్ట్‌లో మామూలే. అసలుది మూడంగుళాలు, గోడకి చిన్నదైపోతుంది కాబట్టి అమ్మేవాళ్ళు అలాగే చేస్తారు. తప్పు లేదు, కాకపోతే అది స్కాన్ ప్రింట్ అని కొనేవాళ్ళకి చెప్పాలి, ఎందుకంటే చేత్తో చేసింది ఒక్కటే ఉంటుంది. నాన్నమ్మది కూడా స్కాన్ చేశాను. చిరుగుని కంప్యూటర్‌లో అతికిద్దామని తెరిచాను కూడా, రెండు నిమిషాల పని. చేయలేదు.

భయపడుతూనే తీసుకెళ్ళి ఆవిడకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురులోకి తిప్పి, చాలాసేపు చూసింది. 'ఉన్న ముడతలు చాలవని ఇంకో నాలుగు పెట్టావేంట్రా' అంది. చిరుగు గురించి అడగనే లేదు. ఈసారి తీసేటప్పుడు చెప్పి తీయి, పట్టుచీర కట్టుకుంటాను అంది.

ప్యాక్‌లో ఒక్క షాట్ మిగిలింది. ఈ ఫిల్మ్‌కి 13 నుంచి 28 డిగ్రీల మధ్య వాతావరణం ఉండాలి, అంతకన్నా వేడిలో తీస్తే రంగులు పసుపు, ఎరుపు వైపు పోతాయి. మన ఎండలు మీకు తెలుసు కదా, కాబట్టి ముదరకముందే ఒక పొద్దున పూట వెళ్ళాలి. తీశాక దాన్ని మళ్ళీ నీళ్ళలో వేయాలా, తెల్ల అంచుతో ఉన్నది ఉన్నట్టే ఆవిడ చేతికి ఇచ్చేయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మీరైతే ఏం చేస్తారో కింద రాయండి, ఊరెళ్ళేలోపు అన్నీ చదువుతాను.